ఏ బిడ్డలకు ఏ పంతులమ్మలు?

ఈ మధ్య ఒక జిల్లా కేంద్రంలో విద్యా సమస్యల మీద సభ జరిగింది. వక్తల్లో ఒక పెద్దమనిషి వున్నాడు. విద్యాశాఖలో చాలాకాలం పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. ఆయన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల ప్రసక్తి తెచ్చి ఇలా సెలవిచ్చాడు: "ఆ బడులు అంతో ఇంతో చక్కగా నడుస్తున్నాయంటే కారణం ఒక్కటే. అక్కడ పర్మనెంటు వాళ్ళు లేరు. అందరూ కాంట్రాక్టు వాళ్ళే. రేపు వాళ్ళనూ పర్మనెంటు చేశామా, అవీ జిల్లా పరిషత్తు బడుల్లాగే తయారవుతాయి."

సభలో చప్పట్లు మోగాయి. ఆయన అలా అన్నందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆయన అనుభవం ఆయన చేత అదే అనిపిస్తుంది. కాని చప్పట్లు కొట్టినవారిలో మనవాళ్ళు కూడా వున్నారు. సంఘం చందా రశీదు జేబులో పెట్టుకుని, సమాన విద్య కోసం తీర్మానాలు చేసినవాళ్ళు కూడా వున్నారు. ఈ వ్యాసం ఆ పెద్దమనిషి కోసం రాయడం లేదు, మనవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు ఆ మాటను విప్పి చూద్దాం. రేపు ఉద్యోగం వుంటుందో వూడుతుందో తెలియని మనిషే ఇవాళ ఒళ్ళు వంచి పనిచేస్తుంది అని దాని సారాంశం. ఇది విద్యాశాస్త్రంలోది కాదు. పాలేళ్ళను ఏడాదికోసారి ఉగాదికి కుదుర్చుకుని, ఉగాదికి మాన్పించే మోతుబరుల దగ్గర వుండే శాస్త్రం ఇది. మిల్లు గేటు దగ్గర బదిలీ కూలీలను నిలబెట్టే యజమాని దగ్గరా వుంటుంది. ఆ పెద్దమనిషి తన సుదీర్ఘ ఉద్యోగకాలంలో ఈ శాస్త్రాన్ని తనకు వర్తింపజేసుకోలేదు. నెలనెలా పెన్షను అందుకుంటూనే వున్నాడు. ఉద్యోగ భద్రత మనిషిని చెడగొడుతుందనేదే నిజమైతే ఆయన చేసిన పనినంతా మనం తిరిగి తనిఖీ చేయవలసి వస్తుంది.

సరే, ఆ బడుల సంగతికి వద్దాం. 2004లో కేంద్ర ప్రభుత్వం ఈ పథకాన్ని ప్రారంభించింది. గ్రామీణ స్త్రీల అక్షరాస్యత దేశ సగటు కన్నా తక్కువగా వుండి, స్త్రీ పురుషుల అక్షరాస్యతకు మధ్య అంతరం దేశ సగటు కన్నా ఎక్కువగా వున్న మండలాల్లో పెట్టాలన్నారు. 2001 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 50 శాతం దగ్గర వున్నది గనక అటువంటి మండలాలకు మనకు కరువు లేదు. బడి మానేసిన ఆడపిల్లలు, బడి ముఖమే చూడని ఆడపిల్లలు వచ్చి వుండి చదువుకోవాలి. సీట్లలో 75 శాతం షెడ్యూల్డు కులాల, తెగల, వెనుకబడిన తరగతుల, మైనారిటీల పిల్లలకు. తక్కిన 25 శాతం దారిద్య్ర రేఖకు దిగువనున్న కుటుంబాలకు. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 350కి పైగా, తెలంగాణలో 470కి పైగా ఈ విద్యాలయాలు వున్నాయి. సంఖ్యలో చూసినా ఇవి చిన్న సంగతి కాదు. కస్తూర్బా పేరు పెట్టడంలో మాత్రం పెట్టినవారికి తెలియకుండానే ఒక ఔచిత్యం కుదిరింది. ఆమె కూడా చిన్నతనంలోనే పెళ్ళయి, చదువు లేక అత్తవారింటికి వచ్చిన మనిషే.

మొదట్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల దాకానే పెట్టారు. దీని అర్థం ఏమిటంటే, పన్నెండేళ్ళ పిల్లను పత్తిచేలోంచి తీసుకువచ్చి, మూడేళ్ళు చదువు చెప్పి, సరిగ్గా పద్నాలుగు పదిహేనేళ్ళకు, అంటే పెళ్ళి మాటలు మొదలయ్యే వయసుకు, పెట్టె సర్దించి ఇంటికి పంపడం. విద్యాహక్కు చట్టం కూడా పద్నాలుగేళ్ళ దగ్గరే ఆగిపోయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టానికి పదిహేనేళ్ళ పిల్ల కనిపించదు. మన రాష్ట్రాల్లో తర్వాత తొమ్మిది, పది తరగతులు చేర్చారు. కేంద్రం 2018లో సమగ్ర శిక్షా అని పేరు మార్చినప్పుడు పన్నెండో తరగతి దాకా పొడిగించడానికి ఒప్పుకున్నది. ఒప్పుకోవడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో ఎనిమిదితో ఇంటికి పోయిన పిల్లలు ఇప్పుడు తల్లులై వుంటారు.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను. మా బడికి కూతవేటు దూరంలో ఒక కస్తూర్బా బడి వుంది. ఊరి పేరుతో పని లేదు. గద్వాల వైపు, విత్తనపత్తి పండే సీమ అంటే చాలు. ఆ పంట సంగతి తెలియనివారికి ఒక మాట. సంకర విత్తనం తయారు కావాలంటే ఒక్కొక్క పువ్వునూ చేతితో విప్పి, మగపువ్వు పుప్పొడిని దానికి రాయాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. వేళ్ళు చిన్నవిగా వుండాలి, చెట్టు ఎత్తున మనిషి వుండాలి, కూలి తక్కువ తీసుకోవాలి. ఈ మూడు లక్షణాలూ కలిసినది పదేళ్ళ ఆడపిల్ల. కంపెనీ విత్తనం ఇస్తుంది, ఆర్గనైజరు అప్పు ఇస్తాడు, రైతు చేను ఇస్తాడు, తల్లిదండ్రులు బయానా తీసుకుంటారు, పిల్ల వేళ్ళు ఇస్తుంది. వర్షాకాలంలో, బడులు తెరిచిన తర్వాతే ఆ పని ముమ్మరంగా సాగుతుంది. కర్నూలు సీమలోనూ ఇదే కథ. కోసిగి, కౌతాళం వైపు నుంచి ఊళ్ళకు ఊళ్ళే మిరపకాయలు కోయడానికి గుంటూరు తరలిపోతే, చంటివాణ్ణి ఎత్తుకోవడానికి వెంట పోయేది ఆ ఇంటి పెద్దపిల్లే.

ఆ విద్యాలయం ప్రవేశాల రిజిస్టరు నేను చూశాను. కులం గడి, ఉపకులం గడి వున్నాయి. దాని పక్కన 'ఆర్ఫన్', 'సెమీ ఆర్ఫన్' అని ఇంకో గడి వుంది. తండ్రో తల్లో ఒక్కరే వున్న పిల్లకు ఆ రెండో మాట. తెలుగులో దానికి మాట లేకపోవడమే మంచిది. పేజీకి నాలుగైదు చోట్ల ఆ మాట కనిపించింది. తండ్రి వృత్తి కింద కూలి, కూలి, కూలి, హమాలీ, కూలి, వలస. ఇంత శుద్ధంగా ఒకే వర్గం పిల్లలతో నిండిన రిజిస్టరు నేను ఇంకెక్కడా చూడలేదు. బహుశా ఖరీదైన కార్పొరేట్ బడిలో రిజిస్టరు తెరిస్తే ఇంత శుద్ధంగానూ రెండో వర్గం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. ఆ రిజిస్టరులో 'బడి మానేసిన పిల్ల' అని రాసి వున్న వాళ్ళందరూ బడి మానేసినవాళ్ళు కారు. ఊళ్ళో ఐదో తరగతి మామూలుగానే చదివిన పిల్లను కూడా అలా రాసి చేరుస్తున్నారు. తల్లిదండ్రులను తప్పు పట్టలేము. ఊళ్ళో వున్న బడిలో ఒకే టీచరు, పై తరగతికి పక్క ఊరికి నడిచి పోవాలి, దారిలో ఆడపిల్లకు భయం. కస్తూర్బా బడిలో మూడు పూటలా తిండి వుంది, ప్రహరీగోడ వుంది. కాని ఫలితం ఏమిటి? నలభై సీట్లకు ఐదో తరగతి చదివిన పిల్లలు వరసలో నిలబడితే, అక్షరం రాని పదమూడేళ్ళ పిల్ల వెనక్కి పోతుంది. ఎవరి కోసం బడి కట్టారో ఆమె మళ్ళీ గోడ అవతలనే వుంటుంది. పైగా బడికి పేరు వచ్చేది పదో తరగతి ఉత్తీర్ణత శాతంతో. స్పెషల్ ఆఫీసరును సమీక్షలో నిలబెట్టి అడిగేది ఆ శాతమే. అక్షరాలు రాని పిల్లను చేర్చుకుంటే ఆ శాతం తగ్గుతుంది. శాతం తగ్గితే ఏడాది ఒప్పందం ప్రశ్నార్థకమవుతుంది. మన పెద్దమనిషి మెచ్చుకున్న భయం ఉత్తమంగా పనిచేసే చోటు ఇదీ. నిరుపేద పిల్లను బడి గడప దగ్గరే ఆపడానికి అది పనికి వస్తుంది.

ఆ బడిలో చేరిన ఒక పిల్ల సంగతి చెబుతాను. పేరు చెప్పను. 2023 జూన్‌లో క్రాసింగ్ పని నుంచి తీసుకువచ్చారు. వయసును బట్టి ఏడో తరగతిలో కూర్చోబెట్టారు. చట్టం అలాగే చెప్పింది: వయసుకు తగిన తరగతిలో చేర్చాలి, తోటి పిల్లలతో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మొదటి సగం ఖర్చు లేనిది గనక వెంటనే అమలు జరిగింది. రెండో సగానికి మనిషి కావాలి. ఆ మనిషిని ఎవరూ పంపలేదు.

ఆ పని లెక్కల టీచరు చేసింది. తన నైట్ డ్యూటీ రోజుల్లో, స్టడీ అవరు ముగిశాక, పిల్లను భోజనశాలకు తీసుకుపోయి గోడ మీద రాసి వున్న వారం మెనూ చదివించేది. గుడ్డు, పులిహోర, సాంబారు, అరటిపండు. పిల్ల ఒత్తులు నేర్చుకున్నది ఉప్మా దగ్గర. సంక్రాంతి నాటికి పిల్ల కూడబలుక్కుని చదవసాగింది. ఈ పనికి వేతనంలో గడి లేదు, రిజిస్టరులో గడి లేదు. నాకు ఆ టీచరు చెబితే తెలిసింది, నవ్వుతూ చెప్పింది.

సిబ్బంది సంగతి కాస్త వివరంగా చూడాలి. ఈ బడిలో ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, సుమారు 200 మంది పిల్లలు. వీరికి సబ్జెక్టుకు ఒక్కరు చొప్పున ఏడుగురు కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లు. వాళ్ళ మీద స్పెషల్ ఆఫీసరు. వ్యాయామం టీచరు, ఏఎన్ఎమ్, అకౌంటెంటు, వంటవాళ్ళు, వాచ్‌ఉమన్. అందరూ ఆడవాళ్ళే, అందరూ తాత్కాలికులే. 200ను 7తో భాగిస్తే టీచరుకు 29 మందికి మించరు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒకరు చాలునన్నది. కాబట్టి కాగితం మీద ఇక్కడ టీచర్లు ఎక్కువే వున్నారని కూడా ఒకాయన వాదించగలడు, వాదించగా విన్నాను.

ఈ భాగహారంలో మోసం ఎక్కడుంది? వారానికి 168 గంటలు. బడి గంటలు 45 అనుకుందాం. నా పిల్లలు ఆ 45 గంటలు నా దగ్గర వుండి, తక్కిన 123 గంటలు తమ ఇళ్ళలో వుంటారు. కస్తూర్బా పిల్లలు ఆ 123 గంటలూ కూడా బడిలోనే వుంటారు. వాళ్ళను నిద్ర లేపాలి, స్నానాలకు వరస కట్టించాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివించాలి, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఇంటి మీద బెంగపెట్టుకుని గేటు దగ్గర ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టాలి, తొలిసారి మైల పడ్డ పిల్లకు భయం తీర్చాలి. ఆ 123 గంటలకు ఏ నిష్పత్తీ లేదు. పగలు పాఠం చెప్పిన ఆ ఏడుగురే వంతులు వేసుకుని రాత్రి కూడా వుంటారు. రాత్రి వున్నందుకు మర్నాడు సెలవు లేదు. తెల్లవారితే ఆరో తరగతిలో మొదటి పీరియడు ఆమెదే. సబ్జెక్టుకు ఒక్కరే గనక ఆమెకు జ్వరం వస్తే బడిలో ఆ సబ్జెక్టుకే జ్వరం. తరగతికి రోజుకొక పీరియడు వేసుకున్నా వారానికి 30 పీరియడ్లు లెక్కలు ఆమె ఒక్కతే చెప్పాలి. నిజాయితీగా చెప్పాలంటే నా పీరియడ్లూ దానికి బాగా తక్కువేమీ కావు. కాని నేను సాయంత్రం ఇంటికి పోతాను. నా మూలవేతనం ప్రస్తుత స్కేలులో మొదటి మెట్టే 42,300. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వేరు. ఆమె 2024లో అందుకున్నది అన్నీ కలిపి ముప్పై వేలకు చేరని మొత్తం. భత్యాలు లేవు, పెన్షను లేదు, ఏడాది తిరిగితే మళ్ళీ ఒప్పంద పత్రం. ఇద్దరమూ బియ్యీడీలమే. ఇద్దరమూ చెప్పేది ఒకే పాఠ్యపుస్తకం. మా పిల్లలు రాసేది ఒకే పరీక్ష.

ఈ తేడాను మాటలతో పూడ్చే ప్రయత్నం ఒకటి వుంది. ఆగస్టు పదిహేనుకు, బాలికా దినోత్సవానికి ఆ బడికి వచ్చిన ప్రతి ముఖ్య అతిథీ ఒకే మాట అంటాడు: "ఇక్కడి టీచర్లు ఈ పిల్లలకు తల్లుల వంటివారు." అబద్ధమని నేను అనను. కాని ఆ మాట ఎందుకు అంటున్నారో చూడండి. తల్లికి ఎవరూ జీతం ఇవ్వరు. తల్లికి పని గంటలు వుండవు. తల్లి సమ్మె చేయదు. ఒక స్త్రీని తల్లీ అని పొగిడిన మరుక్షణం ఆమె జీతం బేరానికి అతీతమైపోతుంది. ఇంట్లో వెయ్యేళ్ళుగా నడిచిన పద్ధతినే సర్కారు హాజరుపట్టీలోకి తెచ్చారు. అదే మగవాళ్ళు పనిచేసే ఒక సంస్థలో, పగలు ఒక ఉద్యోగం, రాత్రి ఇంకొక ఉద్యోగం చేయించుకుని ఒక జీతం ఇచ్చి, "మీరు మాకు తండ్రుల వంటివారు" అని దండ వేసి పంపగలరా? ఆ పెద్దమనిషి వేదిక మీద వున్న రోజున నన్నెవరూ మాట్లాడమనలేదు గాని, మాట్లాడమంటే ఇది అడిగి వుండేదాన్ని. ఇందులో మరొకటి కూడా వుంది. ఆ టీచర్లలో చాలామంది అదే కూలి ఇళ్ళ నుంచి, అదే కులాల నుంచి, ఆ ఇళ్ళల్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషిగా వచ్చినవాళ్ళు. అంటే పేద పిల్లల చదువుకు తగ్గిన ఖర్చును పేదల కూతుళ్ళ జీతంలోంచే కోసుకుంటున్నారు.

ఇక దొడ్డిదారి వాదం. "వాళ్ళు దొడ్డిదారిన వచ్చారు, డీఎస్సీ రాసి వస్తే ఎవరు కాదన్నారు?" అంటారు. వాళ్ళు ప్రకటన చూసి దరఖాస్తు పెట్టినవాళ్ళు. బియ్యీడీ వుంది, టెట్ వుంది, రోస్టరు ప్రకారం ఎంపికలు జరిగాయి. తెలంగాణలో 2023లో ఆన్‌లైన్ పరీక్ష పెట్టి మరీ తీసుకున్నారు. తలుపు కొట్టి, ముందు గుమ్మం నుంచి వచ్చిన మనిషిని పెరట్లో నిలబెట్టి, నువ్వు పెరట్లో వున్నావు గనక దొడ్డిదారిన వచ్చావు అనడం ఏ తర్కం?

దీనికి న్యాయస్థానాన్ని కూడా అడ్డం పెడతారు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తాత్కాలిక ఉద్యోగులను క్రమబద్ధం చేయడానికి హద్దులు గీసింది. నాటి నుంచి సచివాలయాల్లో ప్రతి ఫైలు మీదా ఆ పేరు రాసి మూసేస్తున్నారు. ఆ తీర్పు ప్రభుత్వాలకు కూడా ఒక మాట చెప్పింది: శాశ్వతంగా అవసరమైన పనికి తాత్కాలిక నియామకాలు చేయడం ఆపండి అని. ఆ సగాన్ని ఎవరూ ఫైలులో రాయరు. 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి కనీస స్కేలు ఇవ్వాలన్నది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, ఉమాదేవి తీర్పును ఏళ్ళ తరబడి పనిచేసినవారి మీద ఆయుధంగా వాడవద్దని చెప్పింది. వీటికి జవాబుగా వినిపించేది ఒక్క మాట: "అవి మంజూరైన పోస్టులు కావు, పథకం పోస్టులు." పథకం అంటే ఏదో ఒకనాటికి ముగిసేది. సర్వశిక్షా అభియాన్‌లో కలిపారు, సమగ్ర శిక్షాగా మార్చారు, కేంద్రం 60, రాష్ట్రం 40 అని వాటాలు పంచుకున్నారు. పేరు మారింది, బోర్డు మారింది, వాటాలు మారాయి. ఇరవై యేళ్ళు దాటినా ఆడపిల్లలు బడి మానడం ముగియలేదు. ముగియనంత కాలం ఆ బడి వుండాలి. బడి శాశ్వతం, అందులో పాఠం చెప్పే మనిషి మాత్రం పథకం!

డబ్బు లేదంటారు. 1966లో కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు పెట్టమన్నది. ఇరుగు పొరుగు పిల్లలంతా కలిసి చదివే ఉమ్మడి బడి కావాలన్నది. అరవై యేళ్ళు కావస్తున్నా ఆ ఆరు శాతం రాలేదు. ఉమ్మడి బడికి బదులు మెట్ల వరస వచ్చింది. కార్పొరేట్ బడి, వీధి చివర ప్రైవేటు బడి, ప్రవేశ పరీక్ష రాసి చేరే గురుకులం, మోడల్ స్కూలు, జిల్లా పరిషత్తు బడి, ఆ కింద మెట్టు మీద కస్తూర్బా. గురుకులాలను నేను తక్కువ చేయడం లేదు. 1971లో సర్వేల్‌లో మొదలైన ఆ వొరవడి, తర్వాత శంకరన్ గారి వంటి అధికారుల పట్టుదల వల్ల దళితుల పిల్లలకు అందిన ఆ గురుకులాలు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. కాని అవి ఎంచి తీసుకుంటాయి. కస్తూర్బా బడి పని ఎంపికలో రాలిపోయినవారిని ఎత్తుకోవడం. ఎక్కువ అనుభవం, ఎక్కువ మంది మనుషులు, ఎక్కువ డబ్బు కావలసిన పని ఇది. అన్నింటికన్నా తక్కువ ఇచ్చింది దీనికే.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్షా ఉద్యోగులు సమ్మె చేశారు. మరుసటేడు డిసెంబరులో తెలంగాణలో చేశారు. 2025 జనవరి దాకా సాగింది. చలికాలంలో కలెక్టరేట్ల ముందు టెంట్లు వేసుకుని కూర్చున్నారు. పదో తరగతి పిల్లల పరీక్షలు దగ్గరపడుతున్నాయనీ, ఈ సమయంలో సమ్మె ఏమిటనీ పత్రికల్లో నిట్టూర్పులు. ఆ బడులను నడపడానికి మామూలు బడుల నుంచి టీచరమ్మలను పంపే ఏర్పాటు జరిగింది. నాకూ మెమో వచ్చింది.

నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పుడు రకరకాలుగా చెప్పుకోవచ్చు. పిల్లలు ఒంటరిగా వుంటారనుకున్నాను, అది నిజం. మెమోకు ఎదురు చెబితే ఏమవుతుందోనని కూడా అనుకున్నాను, అదీ నిజమే. ఉద్యోగ భద్రత వున్నదాన్ని నేను భయపడ్డాను. ఉద్యోగ భద్రత లేనివాళ్ళు టెంటు కింద కూర్చున్నారు. భయమే పని చేయిస్తుందన్న సిద్ధాంతానికి ఇంతకన్నా వింత నిరూపణ ఏం కావాలి? మూడు రాత్రులు నైట్ డ్యూటీ చేశాను. మొదటి రాత్రి రెండు గంటలకు ఒక పిల్లకు కడుపునొప్పి, ఇంకొక పిల్లకు పీడకల. మర్నాడు నేను చెప్పిన పాఠం ఏమిటో నాకే గుర్తులేదు. నాలుగో రోజున మెమో తిరిగి ఇచ్చేశాను. ఏమీ కాలేదు. మొదటి రోజునే ఇచ్చి వుండవలసింది.

అప్పుడు మా సంఘంలో ఒక మిత్రుడితో నాకు వాదం జరిగింది. చాలా చదువుకున్నవాడు, నిజాయితీపరుడు. "వాళ్ళ మీద సానుభూతి వుంది. కాని వాళ్ళను క్రమబద్ధం చేస్తే సీనియారిటీ చిక్కులు వస్తాయి, డీఎస్సీ కోసం ఎదురుచూసే నిరుద్యోగులు నష్టపోతారు, మన ప్రమోషన్లు ఆగుతాయి. మద్దతు ప్రకటన ఇద్దాం, అంతవరకే" అన్నాడు. ప్రకటన ఇచ్చారు. మన డిమాండ్ల పత్రంలో వేతన సవరణ మొదటిది, కరువు భత్యం బకాయిలు రెండోది. కాంట్రాక్టు టీచర్ల మాట పత్రం చివర, ముద్రించిన సంస్థ పేరుకు కాస్త పైన. అడగవలసినవే అవన్నీ. కాని నిరుద్యోగికి ఉద్యోగం దొరకనిది కస్తూర్బా టీచరు వల్లనా? స్కేలు మీద ఇవ్వవలసిన పోస్టులను ఒప్పందం మీద ఇచ్చే వీలు ప్రభుత్వానికి వున్నంతకాలం ఆ నిరుద్యోగికి రేపు దొరకబోయేది కూడా ఒప్పందమే. మన మిత్రుడి కూతురు ఇప్పుడు బియ్యీడీ చదువుతున్నది. ఆమె ఏ పత్రం మీద సంతకం చేయబోతున్నదో ఆయన ఆలోచించినట్టు లేదు. నాతో మాట్లాడడం కొన్నాళ్ళు మానేశాడు. ఈ వ్యాసం చదివి మళ్ళీ మానేస్తాడేమో.

భయం వల్ల బడి బాగుపడుతుందన్న ఆ పెద్దమనిషికి జవాబు ఆ కస్తూర్బా బడిలోనే వుంది. 2024 డీఎస్సీలో ఆ లెక్కల టీచరుకు స్కూల్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. అక్టోబరులో నియామక పత్రం అందింది. తొమ్మిదేళ్ళ అనుభవంతో, పిల్లల పేర్లు, వాళ్ళ ఊళ్ళు, ఎవరి తండ్రి తాగుతాడో, ఎవరికి మేనమామతో పెళ్ళి కుదర్చబోతున్నారో అన్నీ తెలిసిన మనిషి, వారం లోపల వేరే మండలానికి వెళ్ళిపోయింది. వెళ్ళక ఏం చేస్తుంది? నేనయినా వెళ్ళేదాన్ని. డీఎస్సీ వచ్చిన ప్రతిసారీ ఈ బడుల్లోంచి చేవ వున్నవాళ్ళు ఇలాగే పోతారు, సగం సంవత్సరంలో. భయపెట్టి పనిచేయించవచ్చునేమో గాని, భయపెట్టి నిలుపుకోవడం కుదరదు. ఆ పోస్టు అక్టోబరులో ఖాళీ అయింది, డిసెంబరులో సమ్మె వచ్చింది, మార్చిలో పదో తరగతి పరీక్ష వచ్చింది. ఫలితాల శాతం గురించి సమీక్షలో స్పెషల్ ఆఫీసరును నిలబెట్టి అడిగారట.

మెనూ చదివి అక్షరాలు నేర్చుకున్న పిల్ల 2025 జూన్‌లో తొమ్మిదో తరగతికి వచ్చింది. బడి తెరిచిన కొన్నాళ్ళకు గేటు దగ్గర కనిపిస్తే, లెక్కలు ఎవరు చెబుతున్నారని అడిగాను.

"ఎవరు డ్యూటీల ఉంటే వాళ్ళొస్తరు, టీచర్" అన్నది.